నమోదైన నంబరు

కాగితం అర్జీలు ఇక చెల్లవని చట్టం వచ్చింది. అందుకే ఎలీషబా తన భర్త డెత్ సర్టిఫికెట్ కోసం రాచర్లలో హారిక నడిపే నెట్ సెంటర్‌కు వచ్చింది.

"పెద్దమ్మా, పెద్దనాయన నంబరుకు ఓటీపీ పోయింది. ఆ ఫోన్ ఇట్లియ్యి," అంది హారిక.

"నా కాడ లేదమ్మా."

"ఇంటికాడుంటే పోయి తెచ్చుకో. పది నిమిషాలే టైము."

ఎలీషబా కదల్లేదు. "రోజూ దాంట్లో యేసయ్య పాటలు పెట్టుకొనే పండుకునేవాడు. పెట్టె మూసేముందు ఛార్జింగు నింపి, నేనే ఆయన గుండెల మీద పెట్టినా."

హారిక స్క్రీన్ వైపు తిరిగింది. తర్వాత కంప్యూటర్ అడుగుతున్నది మెల్లగా చదివి వినిపించింది: "ఓటీపీ అందలేదా? మళ్లీ పంపమంటారా?"

"పంపమ్మా," అంది ఎలీషబా. "ఆయన ఎప్పుడూ రెండోసారి పిలిస్తేగాని పలికేవాడు కాదు."