అవ్ అండి

“అక్కా, మొకం నాదే. గొంతు నాది గాదు!” కనకరత్నం ఇంట్లో టీవీ వైపు చెయ్యి చాపింది స్వరాజ్యం.

ఇబ్రహీంపట్నంలో ఆకుకూరలు పండించుకునే ఆమెకు వెబ్ సిరీస్‌లో ఏకంగా హీరో తల్లి వేషం! కోస్తా నుంచి వచ్చి పక్కింట్లో స్థిరపడ్డ కనకరత్నం ఇరవై ఏళ్లు సీరియళ్లకు డబ్బింగ్ చెప్పింది. ఆమె మొహం ఏ కెమెరా చూడలేదు.

“నీ యాస అందరికీ అర్థం కాదనుకున్నారేమో,” అంది కనకరత్నం, నవ్వు దాచుకుంటూ.

“యాస కోసమే గద నన్ను తీసుకున్నరు?”

తెర మీద సర్పంచ్ ఏదో అడిగాడు. “అవ్ అండి,” అంది తల్లి.

స్వరాజ్యం పకపకా నవ్వింది. “అవ్ అండి అంట! అవ్ మాది, అండి మీది. గట్లెవరంటరు?”

అంటూనే ఆగిపోయింది. రోజూ తను “తోటకూర గావాల్నా అక్కా?” అని అడిగితే, ఈ గుమ్మంలోంచి వినిపించే జవాబు అదే.

కనకరత్నం రిమోట్ కోసం వెతకసాగింది.

“నన్నొక్క మాట అడిగితె,” అంది స్వరాజ్యం మెల్లగా, “నేనే మంచిగ నేర్పుతుంటి గదక్కా.”