గోడ మీద గుట్ట

“ఎవురో నీ పాటకు జతగా బొమ్మేసినారప్పా! ఎంత బాగుండాదో చూడు.”

ఇసుక తట్ట దించుతూ పాపక్క గోడ చూపించింది. రాము అటు చూశాడు. చేతిలోని తాపీ జారి కింద పడింది.

దేవనహళ్ళి దగ్గర లేస్తున్న అపార్ట్‌మెంటు అది. తొమ్మిదో అంతస్తులో తాను ప్లాస్టరింగ్ చేసిన గోడ మీద, నిన్న అన్నం తిన్నాక బొగ్గుతో రాసుకున్న పాట పాదాలు రెండు అలాగే ఉన్నాయి.

“మా గుట్ట పొద్దుగాల ఎర్రగైతది
మా కాళ్ళు పొద్దుమీకి ఎర్రగైతయి”

వాటి కింద ఎవరో గుట్ట గీశారు. మామూలు గుట్ట కాదు. పైన నిలువునా చీలిన గుండురాయి, ఆ చీలికలోంచి వంకరగా లేచిన వేపచెట్టు. అచ్చంగా అతని ఊరి గుట్ట. బెంగళూరు వచ్చిన ఆరేళ్ళలో ఆ ఊరి పేరు అతను ఎవరికీ చెప్పలేదు.

“మీ ఊరు ఇట్లే ఉంటాదా?” అంది పాపక్క.

“గుట్టలన్నీ ఒక్క తీర్గనే ఉంటయి.”

తడి గోనెతో బొమ్మను తుడిచేశాడు. ఇక రాయకూడదనుకున్నాడు. మధ్యాహ్నమయ్యేసరికి చెయ్యి ఊరుకోలేదు.

“వానల్లేని ఏడు గూడ
మోదుగు పూత ఆపలే”

మర్నాడు ఆ పాదాల పక్కన మోదుగుచెట్టు పూసింది. చెట్టు కింద మంచె. మంచెకు ఒక కాలు పొట్టి, దాని కింద ఎత్తుకు పెట్టిన రాళ్ళు. అతనూ తమ్ముడు నరేశూ కలిసి కట్టిన మంచె అది. సైట్లో మూడు వందల మంది ఉన్నారు. వాళ్ళలో ఎవరో తన ఊరివాళ్ళు. తననే కనిపెడుతున్నారు.

ఆ రోజు ఇంకో రెండు పాదాలు రాశాడు.

“ఎవలివి నువ్వు?
మా మట్టి నీ చేతికెట్ల అంటింది?”

మూడో రోజు జవాబు వచ్చింది. నిండా నీళ్ళున్న బావి. ఒడ్డున, రెండు చేతులూ ముందుకు చాచిన మనిషి.

రాము గోడ ముందే కూర్చుండిపోయాడు. 

ఆరేళ్ళ కిందట బావి మీది మోటారు వేసే వంతు దగ్గర మాటా మాటా పెరిగి, ఆ రెండు చేతులతోనే తమ్ముణ్ణి తోశాడు. నీళ్ళ చప్పుడు విన్నాడు. తొంగి చూసే ధైర్యం చాల్లేదు. పొలాలకు అడ్డంపడి పరుగెత్తినవాడు ఇక్కడికి వచ్చి ఆగాడు. అప్పటిదాకా అతని పేరు నర్సింహులు.

ఆ రోజు ఎవరూ చూడలేదనుకున్నాడు.

“ఏమైందప్పా, మొగమంతా చెమటలు పట్టుండాదే?” పాపక్క దగ్గరికొచ్చింది. “ఆ బొమ్మలేసే మనిషి పుట్టీ పనోళ్ళలో ఉండాడు. నిన్న నీ పేరు అడిగినాడు. రాము అంటే, కాదని తలకాయ ఊపినాడు.”

“ఇంకేమన్నడు?”

“రేపు ఈ గోడకు పుట్టీ పెడతారంట. అంతలోపల, పొద్దున్నే నిన్ను రమ్మన్యాడు.”

రాము షెడ్డుకు పోయి బట్టలు సంచిలో కుక్కుకున్నాడు. యలహంక దాకా వెళ్ళి బస్టాపులో కూర్చున్నాడు. బస్సులు వస్తున్నాయి, పోతున్నాయి. ఇంకో ఊరు, ఇంకో పేరు. అక్కడి గోడ మీద కూడా తన చెయ్యి ఆ గుట్టనే రాస్తుంది. పొద్దు గుంకే వేళకు లేచి, వచ్చిన దారినే తిరిగి వెళ్ళాడు.

మర్నాడు తెల్లారగానే తొమ్మిది అంతస్తులూ ఎక్కాడు. 

తల చుట్టూ, మూతికీ తువ్వాల చుట్టుకున్న మనిషి గోడవైపు తిరిగి ఏదో గీస్తున్నాడు. అతను వెనక్కి తిరిగేదాకా ఆగితే నోరు పెగలదని నర్సింహులుకు తెలుసు.

“పోలీసోళ్ళకు చెప్పుకో. నేనే నర్సింహులును. నా తమ్ముణ్ణి నేనే బాయిల నూకిన. వాడు సచ్చిండు. ఇగ ఉర్కుడు నాతోని కాదు.”

బొగ్గు పట్టిన చెయ్యి ఆగిపోయింది. ఆ మనిషి మెల్లగా తిరిగి, తువ్వాల విప్పాడు.

“ఎవలు సచ్చిన్రన్నా?” అన్నాడు నరేశ్.