తలుపు దాకా నడిచిన బొమ్మ

మొదట్లో నా చేతిలో ఉన్నవి మూడు: నేను గీయగా బాగా అమ్ముడైన పిల్లల బొమ్మల పుస్తకం, అందులోని చేపలబుట్ట పిల్లతో చిన్న యానిమేషన్ సినిమా చేయమని వచ్చిన బేరం, పనిలో తోడుగా వచ్చిన గంగరాజు.

నరసన్నపేటలో నేను ముఖ్యమైన భంగిమలు గీస్తాను. వాటి మధ్య కదలికలు బొబ్బిలి నుంచి అతను నింపుతాడు. నెట్‌లో ఇద్దరం తెరిచేది ఒకటే ఫైలు. శ్రమ తగ్గుతుందని సినిమాలో తలుపుకి నా గది తలుపునే చూసి గీశాను, విరిగిన గడియతో సహా.

పిల్ల ఆ తలుపు ముందు ఆగాలి, అంతే. పొద్దున్నే సినిమా ఇవ్వకపోతే బేరం పోతుంది. రాత్రి ఫైలు తెరిస్తే పిల్ల ఆగకుండా చెయ్యెత్తింది. విసుగొచ్చి ఆ బొమ్మలు చెరిపేశాను. మళ్ళీ తెరిస్తే చెయ్యి తలుపుకి ఇంకా దగ్గరగా ఉంది. ఫోన్ చేశాను.

“ఒరే గంగరాజు, ఎన్నిసార్లు సెప్పాలి? నాను ఆపమన్న కాడ ఆపలేవా?”

“ఏటి మావా, తిడతన్నావు? సాయంత్రం నుంచి ఇక్కడ కరెంటే లేదు. నీ ఫైలు తెరిస్తే కదా.”

“మరెవుడు గీసినాడు?”

“నిద్దట్లో నువ్వే గీసుంటావు.”

విసురుగా ఫోన్ పెట్టేసి సినిమా మళ్ళీ నడిపాను. పిల్ల వేళ్ళు తలుపుని తాకాయి. సినిమాకి ఇంకా శబ్దం కలపలేదు. అయినా తట్టిన చప్పుడు వినిపించింది, నా వెనకున్న తలుపు నుంచి.

తెర వైపు చూశాను. అక్కడ తలుపు ముందు ఇప్పుడు ఎవరూ లేరు.

బేరం సంగతి పొద్దున్న చూడాలి. ప్రస్తుతానికి నాకు మిగిలినవి పిల్ల లేని బొమ్మ ఒకటి, విరిగిన గడియకి అడ్డం పెట్టిన కుర్చీ ఒకటి.