మూసేసిన వీధి

"మూసేసిన వీధిలోకి నా కారెలా వచ్చింది బాబాయ్?" గుమ్మంలోనే నిలదీశాడు టాక్సీ డ్రైవరు.

ఊళ్ళో డ్రైవర్లంతా ఫోన్లో ఒక గ్రూపుగా కలిసి మ్యాపు సరిచేస్తుంటారు. ఎక్కడ రోడ్డు తవ్వారో, ఎక్కడ బళ్ళు ఆగిపోయాయో ఎవరు చూస్తే వాళ్ళు పెడతారు. ఆ పని వాళ్ళందరికీ నేర్పింది రిటైరైన బస్సు డ్రైవరు, ఈ బాబాయే. అలాంటి మనిషి వారం నుంచి రోజూ మధ్యాహ్నం తన వీధి మూసేశారని అబద్ధం పెడుతున్నాడు.

"మెల్లగా మాట్లాడరా," అన్నాడు బాబాయి. "మీ పిన్నికి ఇప్పుడే కునుకు పట్టింది."

తెర వెనక మంచం మీద పిన్ని పిడికెడంత అయిపోయి ఉంది.

"ఇక ఇంటికి తీసుకెళ్ళమన్నారు ఆస్పత్రిలో. హారన్ మోగితే చాలు, ఉలిక్కిపడి లేస్తుంది. లేస్తే నొప్పి. తప్పే చేశాను, నన్ను గ్రూపులోంచి తీసెయ్యండి."

"మాకొక్క మాట చెప్పకూడదా బాబాయ్?"

"నోటితో అంటే నిజమైపోతుందేమోనని భయం రా."

డ్రైవరు బయటికొచ్చి మ్యాపులో వీధి తెరిచేశాడు. తర్వాత గ్రూపులో అందరికీ రాశాడు: "బాబాయి వీధిలో ఎవరూ హారన్ కొట్టకండి. పిన్ని నిద్రపోతోంది."

ఆ సాయంత్రం నుంచే టాక్సీలు, ఆటోలు, వ్యాన్లు ఆ వీధిలో నెమ్మదిగా, ఒకదాని వెనక ఒకటి, చప్పుడు చెయ్యకుండా వెళ్ళాయి.

ఒకరోజు పొద్దున్నే గ్రూపులో బాబాయి గొంతు వినిపించింది.

"ఇక హారన్లు కొట్టుకోండర్రా. మీ పిన్ని లేవదులే."