వినడం మాత్రమే

“కింద కౌన్సెలింగ్ గదులన్నీ తాళాలేసి ఉన్నాయండి, పైకి వెళ్లమన్నారు...” అంటూ వచ్చిన ఆమె, హాలు నిండా ఉన్న జనాన్ని చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. “ఇంతమంది ముందు చెప్పాలా?”

అర్ధచంద్రాకారంలో కూర్చున్న కౌన్సెలర్లు, సోషల్ వర్కర్లు ఒకరి మొహాలొకరు చూసుకుని ముసిముసిగా నవ్వారు.

“అప్పుడే మొదలుపెట్టేశారే!” అన్నారు శిక్షణ ఇస్తున్న మాస్టారు హుషారుగా. “ఇప్పటికే ఆలస్యమైందమ్మా, రండి. వీళ్లంతా వినేవాళ్లే. ఆ కుర్చీలో కూర్చుని, చెప్పాలనుకున్నదంతా ఆవిడతో చెప్పండి.”

ఆవిడంటే జాలక్క. పోయినేడు ఇదే శిక్షణలో, నాటక సమాజం పంపిన నటుడు బాధితుడి వేషంలో వెక్కి వెక్కి ఏడుస్తుంటే కరిగిపోయి, తన ఫోన్ నంబరు చేతిలో పెట్టేసింది. ఆ దెబ్బతో ఫెయిలవడమే కాక, జాలి ఎక్కువని ఈ పేరు కూడా అంటుకుంది. ఈసారీ తప్పితే లైసెన్సు పోతుంది. లైసెన్సుతోపాటు ఉద్యోగమూ పోతుంది.

“అక్కా, ఈసారి ఇంటి తాళాలు కూడా ఇచ్చేస్తావేమో చూసుకో!” వెనక వరసలోంచి ఒక సోషల్ వర్కర్ గుసగుసగా అన్నాడు.

మాస్టారు వంగి జాలక్క చెవిలో చెప్పారు. “ఇవాళ్టి పాఠం వినడం మాత్రమే. సలహా వద్దు, సాయం వద్దు. గంట కొట్టగానే ఆపెయ్యాలి. గుర్తుందిగా?”

జాలక్క తలూపింది.

ఎదురుగా కూర్చున్న ఆమె చేతిసంచీని ఒళ్లో పెట్టుకుని, దాని పట్టీని వేలికి చుట్టుకుంటూ విప్పుకుంటూ ఉంది.

“మా ఆయన బయట అందరితో బాగానే ఉంటాడండి. తలుపేశాకే మనిషి మారిపోతాడు.”

“తలుపు వేశాక మనిషి మారిపోతాడు,” అంది జాలక్క. ఎదుటివాళ్ల మాటని వాళ్లకే తిరిగి అందివ్వాలని పొద్దున్నే నేర్పారు.

“నేనన్నదీ అదే కదండీ?”

ఎవరో కిసుక్కుమన్నారు. జాలక్క చెవులు వేడెక్కాయి.

“నిన్న పీక పట్టుకున్నాడు,” ఆమె గొంతు మరీ చిన్నదైంది. “పాప చూసింది. చూసి ఏడవలేదండి. లేచెళ్లి టీవీ సౌండు పెంచి, మళ్లీ వచ్చి కూర్చుంది.”

హాల్లో నవ్వులు ఆగిపోయాయి. జాలక్క చెయ్యి దానంతటదే ముందుకు కదిలింది. మాస్టారు దగ్గారు. జాలక్క ఆ చేతిని వెనక్కి లాక్కుని తొడ కింద నొక్కిపెట్టుకుంది.

“అప్పుడు మీకెలా అనిపించింది?”

“ఎలా అనిపిస్తుందండీ?” ఆమె తలెత్తి చూసింది. “ఎలా ఉందో చెప్పుకోవడానికి రాలేదు నేను. ఇవాళ ఆ ఇంటికి వెళ్లాలో వద్దో అడగడానికొచ్చాను. కాసేపట్లో బడి వదిలేస్తారు. పాపని తీసుకుని ఎటైనా పోవాలా, మళ్లీ అక్కడికే పోవాలా? ఎటు పోవాలన్నా నాకెవరూ లేరు. మీరు ఎలా చెప్తే అలా చేస్తాను.”

వెనక వీధిలోనే ఆడవాళ్ల ఆశ్రయం ఉంది. అక్కడి వార్డెన్ జాలక్కకి బాగా తెలుసు. ఆ మాట నాలుక చివరిదాకా వచ్చింది. లైసెన్సు గుర్తొచ్చి దాన్ని గుటక వేసేసింది.

“నిర్ణయం తీసుకోవడం మీకు చాలా కష్టంగా ఉంది,” అంది.

ఆమె ఇంకా ఏదో అనబోతుండగానే గంట మోగింది.

“మన సమయం అయిపోయిందండి,” అంది జాలక్క, ఆమె కళ్లలోకి చూడకుండా.

“మరి నేను అడిగినదానికి?”

“అయిపోయిందమ్మా, ఇక మీరు వెళ్లొచ్చు. చాలా బాగా చెప్పారు!” అంటూ మాస్టారు చప్పట్లు కొట్టారు. హాలంతా అందుకుంది.

ఆమె ఆ చప్పట్లు కొడుతున్న చేతులన్నిటినీ బిత్తరపోయి చూసింది. ఏదో తప్పు చేసినదానిలా సంచీ చంకన పెట్టుకుని, తల దించుకుని మెట్లు దిగిపోయింది.

“శభాష్! కదల్లేదు, కరగలేదు. పాస్!” మాస్టారు జాలక్క భుజం తట్టారు.

“కానీ మాస్టారూ, ఆవిడ నటనే తేలిపోయింది,” అన్నాడు వెనక వరస సోషల్ వర్కర్. “అంత కష్టం చెప్తూ ఒక్క చుక్క కన్నీళ్లు పెట్టుకోలేదు. పోయినేడు వచ్చినాయనే నయం.”

“కొత్తమ్మాయేమోలే,” అన్నారు మాస్టారు. “నాటక సమాజం వాళ్లు ఎవరు దొరికితే వాళ్లని పంపేస్తారు.”

జాలక్క కుర్చీలోంచి లేచింది. “ఒక్కసారి కిందికి వెళ్లొస్తాను మాస్టారూ.”

“ఎందుకు?”

“ఆ టీవీ మాట... అది ఎవరో రాసిస్తే చెప్పిన మాటలా లేదు.”

“చూశారా, మళ్లీ మొదలు! పాస్ చేసి ఇంకా నిమిషం కాలేదు, ఫెయిలుగా మార్చెయ్యమంటావా?”

హాలంతా గొల్లుమంది. జాలక్క మెట్ల వైపు ఒకసారి చూసి, నెమ్మదిగా కూర్చుండిపోయింది. ఆ నవ్వులు అణిగేలోపే మెట్ల మీద పరుగెత్తుతున్న అడుగుల చప్పుడైంది. జాలక్క ఆశగా తలెత్తింది.

రొప్పుతూ లోపలికొచ్చింది వేరే అమ్మాయి. కంటి కింద నల్లగా కమిలిన దెబ్బ.

“క్షమించండి మాస్టారూ, ఈ దెబ్బకి రంగు ఎంతకీ కుదరక ఆలస్యమైపోయింది. మొదలుపెట్టమంటారా?”