గుంట చూపని చెయ్యి

జర్మనీ సరిహద్దులోని షుమావా కొండల్లో సైకిలు మీద నన్ను దాటినవాడు ఇంకా పుట్టలేదు. నిరుడు నా పాత స్నేహితుడు లుమీర్ దాటాడనుకోండి. అడవి దారంతా నా వీపు చాటున గాలి తప్పించుకుని, పందెం ముగిసే సరిహద్దు రాయి దగ్గర ఒక్క దూకు దూకాడు.

ఈ ఏడు పగ తీర్చుకున్నాను. గుంట వస్తే ముందున్నవాడు చెయ్యి చాపి చూపాలి. నేను చూపకుండా పక్కకు తప్పుకున్నాను. వెనక దభీమని పడ్డాడు.

"చెయ్యి చూపించాగా! కళ్లు జర్మనీలో పెట్టొచ్చావా, ముసలోడా?" అన్నాను.

"చూపించే ఉంటావులేరా," అన్నాడు మోకాలు దులుపుకుంటూ. "ఈ వేసవి నుంచి చూపు మసకేసింది. నీ ఎర్రచొక్కాని నమ్ముకునే వస్తున్నా."

తర్వాత ప్రతి గుంటకీ గొంతు చించుకున్నాను. రాయి దగ్గర "ఇదిగో, దూకు!" అని అరిచిందీ నేనే. ఈసారీ వాడే గెలిచాడు.

ఈ కథలో చొక్కా ఎరుపొక్కటే నా కల్పన. ఆవేళ వేసుకున్నది బూడిదరంగుది. వాడికి బాగా కనబడాలని ఎర్రది మర్నాడు కొన్నాను.