బాధ్యత గల మనిషి

"తల ఎత్తమంటోందండీ ఆవిడ," పక్కనుంచి గొణిగింది కంపెనీ దుబాసీ కువాతా.

ఒనోదెరా తల ఎత్తలేదు. నడుం సగానికి వంచి, చేతులు తొడలకు ఆనించి, కింద పరిచిన తివాచీ వంకే చూస్తున్నాడు. ఈ వారంలో ఇది మూడోసారి. మోకాళ్లు సలుపుతున్నాయి. యాభై తొమ్మిదేళ్లు నిండినా తల వంచడమే బతుకైపోయింది.

ఒసాకా హోటల్ గదిలో ఆయన ఎదురుగా కూర్చున్నది డెన్మార్క్ నుంచి వచ్చిన లిండెగార్డ్. ఆమె దుకాణాల్లో అమ్మిన టీ కెటిళ్లకు పిడులు ఊడిపోయాయి. ఒక ముసలామె చెయ్యి కాలి బొబ్బలెక్కింది. ఇక మీ సరుకు మాకొద్దని మొహాన చెప్పడానికే ఇంతదూరం వచ్చింది. ఆ సరుకు ఆగిపోతే ఫ్యాక్టరీలో అరవైమంది రోడ్డున పడతారు.

"దొంగలా ఆ నేలచూపులేమిటి?" ఆమె గొంతు పెంచింది. "మా దేశంలో నిజం చెప్పేవాడు కళ్లలోకి చూసి చెబుతాడు."

కువాతా ఆ మాటకు కాస్త తేనె పూసి ఆయన చెవిన వేసింది.

"మా దగ్గర అలా చూస్తే ఎదురు తిరిగినట్టండీ," అన్నాడు ఒనోదెరా. "తప్పు మాదేనన్నాక ఏ మొహం పెట్టుకుని చూడను?"

లిండెగార్డ్ నాణ్యతా విభాగం మేనేజరు అని రాసి ఉన్న ఆయన కార్డును వేలితో పక్కకు నెట్టింది.

"మెషిన్‌దో, పనివాళ్లదో తప్పంటారనుకున్నాను. ఇంతకీ బాధ్యత ఎవరిది?"

"నాదేనండీ."

"ఆ ముసలామె సంగతి తెలిశాక మీకేమనిపించింది?"

అప్పుడు తల ఎత్తాడు. ఆమె కళ్లలోకి చూడటం ఎండలోకి చూసినంత కష్టమైంది.

"మా అమ్మకు ఎనభై ఆరేళ్లు. తన టీ తనే కాచుకుంటుంది. ఇవాళ పొద్దున ఆవిడ కెటిల్ ఎత్తుతుంటే గుమ్మంలో నిలబడిపోయాను. అడుగు ముందుకు పడలేదు."



లిండెగార్డ్ లేచి నిలబడింది. చేతకాకపోయినా, తనూ మెడ వంచింది. తర్వాత కువాతా వైపు తిరిగింది.

"కొత్త పిడులు వేసి పంపండి, సరుకు ఆపను. కానీ గురువారం ఫ్యాక్టరీకి వస్తాను. ఈయనే దగ్గరుండి చూపించాలి. నేను నమ్మింది మీ కంపెనీని కాదు, ఈయన్ని."

లిఫ్టు తలుపులు మూసుకోగానే ఒనోదెరా గోడకు జారబడ్డాడు. కువాతా కళ్లు తుడుచుకుంది.

"అరవై కొంపలు నిలబెట్టారు. గురువారం కూడా మీరే రావాలండీ, కాదనకండి!"

ఆయన టై వదులు చేసుకున్నాడు.

"గురువారానికి నన్ను మీలాగే ఇంకో కంపెనీ వాళ్లు మేనేజరుగా అద్దెకు తీసుకున్నారమ్మా."